హంగు ఎంత, వాయింపు ఎంత? పాపులర్ క్లాసికల్ ఆర్కెస్ట్రా కచేరీలపై తరచుగా అడిగే ప్రశ్నలు

వాల్ట్జ్‌లు (మూడు దెబ్బల తాళంలో సాగే డాన్సు సంగీతం), మార్చ్‌లు, సినిమా థీమ్‌లు, మధ్యలో ఒక సింఫనీ (ఆర్కెస్ట్రా కోసం కొన్ని భాగాలుగా రాసిన పెద్ద రచన) ముక్క. పైన రంగుల లైట్లు, కింద నవ్వించే కండక్టర్, చివర్లో అందరూ లేచి చప్పట్లు. ఇలాంటి కచేరీల మాటెత్తితే చాలు, "అదంతా షో" అనేవాళ్ళు ఒకవైపు, "ఇంత సంతోషాన్నిచ్చేది సంగీతం కాకపోతే మరేంటి" అనేవాళ్ళు మరోవైపు. నేను కొన్నేళ్లు ఒక ఆర్కెస్ట్రాలో రెండో వయొలిన్ల వరుసలో కూర్చున్నాను. నల్లకోట్లు వేసుకుని సింఫనీలూ వాయించాం, మెరుపుల కోట్లు వేసుకుని పోల్కాలూ (హుషారైన డాన్సు పాటలు) వాయించాం. ఆ సంగతి తెలిసినవాళ్ళు తిప్పి తిప్పి ఇవే అడుగుతుంటారు కాబట్టి ఒకచోట రాసిపెడుతున్నాను. ఎక్కడ మొదలుపెట్టి చదివినా ఫర్వాలేదు.

## టికెట్ కొనే ముందు

ఇది క్లాసికల్ కచేరీయేనా, లేక క్లాసికల్ పేరు పెట్టుకున్న షోనా?

రెండూ. వాయించే సంగీతం చాలావరకు స్ట్రాస్, చైకోవ్‌స్కీ, బిజే, రావెల్ లాంటివాళ్ళు రాసిందే. సింఫనీ కచేరీలో నలభై నిమిషాల రచనని మొదటి నుంచి చివరిదాకా వాయిస్తారు. పాపులర్ కచేరీలో అందులో అందరికీ తెలిసిన ఐదు నిమిషాలు తీసుకుని, అవసరమైతే కత్తిరించి, వాద్యాలకి కొత్తగా పంచి రాసుకుని వాయిస్తారు.

యోహాన్ స్ట్రాస్ వాల్ట్జ్‌లు పుట్టింది డాన్సు హాళ్ళలో, జనం తింటూ తాగుతూ కబుర్లాడుకునే తోటల్లో. వాటిని ఊపిరి బిగబట్టి వినాలన్న మర్యాద తర్వాత వచ్చి చేరింది. వాల్ట్జ్‌కి జనం కుర్చీల్లో ఊగుతున్నారని ఎవరైనా ముక్కు విరిస్తే, ఆ ముక్కు చరిత్ర చదవలేదనుకోండి.

ఆండ్రే రియూకి నిజంగా వాయించడం వచ్చా? అంతా జుట్టూ నవ్వూనే అంటున్నారు.

వచ్చు. 1949లో నెదర్లాండ్స్‌లోని మాస్ట్రిక్ట్‌లో, సింఫనీ ఆర్కెస్ట్రా కండక్టర్ ఇంట్లో పుట్టాడు. కన్సర్వేటరీల్లో చదువుకుని సింఫనీ ఆర్కెస్ట్రాలో వయొలిన్ వాయించాడు. 1987లో యోహాన్ స్ట్రాస్ ఆర్కెస్ట్రా పెట్టి అప్పటి నుంచీ నడుపుతున్నాడు. చేతిలో వయొలిన్ పట్టుకుని, వాయిస్తూనే మధ్యమధ్య కమానుతో తాళం చూపిస్తూ బృందాన్ని నడపడం ఆయన కనిపెట్టిన స్టంటేమీ కాదు. వియన్నాలో స్ట్రాస్ కుటుంబం వాళ్ళు అలాగే నడిపేవారు. వియన్నా ఫిల్హార్మోనిక్ కొత్త సంవత్సరం కచేరీని 1955 నుంచి 1979 దాకా విల్లీ బోస్కోవ్‌స్కీ కూడా వయొలిన్ చేతపట్టుకునే నడిపించాడు.

అయితే రియూ స్టేజీ మీద వాయించే వాటిలో వయొలిన్‌కి చెమటలు పట్టించేవి తక్కువ. బ్రామ్స్ కంచెర్టో (ఆర్కెస్ట్రాతో కలిసి ఒక్కరే ముందుండి వాయించే రచన) వాయించే సోలోయిస్టులతో ఆయన్ని పోల్చి పైనా కిందా అని లెక్కేయడంలో అర్థం లేదు. ఆయన ఎత్తుకున్న పని చౌక్ నిండా, స్టేడియం నిండా జనాన్ని సాయంత్రమంతా పట్టి ఉంచడం. నా చెవికైతే వాల్ట్జ్ ఊపు ఆ బృందానికి బాగా వంటబట్టింది. నెమ్మదైన పాటల్లో మాత్రం తీపి కాస్త ఎక్కువ పోస్తారు.

పాత రోజుల్లో సంగీతం స్వచ్ఛంగా ఉండేది కదా? ఈ హంగులన్నీ టీవీ వచ్చాకే మొదలయ్యాయా?

ఈ ప్రశ్నకి జవాబు చెప్పడమంటే నాకు సరదా. లండన్‌లో 1840లలో లూయీ జూలియెన్ అనే ఫ్రెంచి కండక్టర్ ఉండేవాడు. బేతోవెన్ రచన నడపాల్సి వచ్చినప్పుడు అతనికి తెల్లటి చేతి తొడుగులు వెండి పళ్ళెంలో తెచ్చి ఇచ్చేవారు, రత్నాలు పొదిగిన బ్యాటన్ (తాళం చూపించే పుల్ల) వాడేవాడు. 1854లో న్యూయార్క్‌లో "ఫైర్‌మన్స్ క్వాడ్రిల్" వాయించి, మధ్యలో మంటలు లేచినట్టు ఏర్పాటు చేసి, ఫైరింజన్ల వాళ్ళని హాల్లోకి పరిగెత్తించాడు. దీన్ని చూసి వట్టి గారడీవాడని కొట్టిపారేయబోతే ఒక చిక్కుంది. అతని బృందంలో డబుల్ బాస్ వాయించింది బొటెసీని, ఆ వాద్యంలో ఆ శతాబ్దానికే పెద్ద పేరు. తక్కువ టికెట్‌తో మామూలు జనానికి బేతోవెన్ సింఫనీలు వినిపించిందీ ఆ జూలియెనే.

వయొలిన్ విద్వాంసుడు పగనీనీ ఒక్క తీగ మీదే మొత్తం రచన వాయించి చూపించేవాడు. పియానిస్టు లిస్ట్ చుట్టూ ముసిరే జనం వెర్రికి 1844లో కవి హైనే "లిస్టోమేనియా" అని పేరే పెట్టాడు. బేతోవెన్ ఏడో సింఫనీని మొదటిసారి వినిపించిన 1813 డిసెంబర్ 8 నాటి కచేరీలోనే ఫిరంగి మోతలూ తుపాకీ చప్పుళ్ళూ ఉన్న "వెల్లింగ్టన్స్ విక్టరీ" కూడా మోగింది. జనం రెండింటికీ ఊగిపోయారు. సింఫనీ రెండో భాగాన్నైతే మళ్లీ వాయించమని పట్టుబట్టారు. 1872లో స్ట్రాస్ బోస్టన్‌లో వేల మంది గాయకులు, వాద్యకారులున్న ఉత్సవంలో తన వాల్ట్జ్ నడిపాడు. అంత గుంపుకి ఒక్క కండక్టర్ ఆనడు కాబట్టి సహాయకుల్ని పెట్టుకుని, వాళ్ళంతా ఆయన్ని చూసి తాళం వేయాల్సి వచ్చింది.

హంగు ఎప్పుడూ ఉంది. మారిందల్లా దాన్ని పెద్దది చేసి చూపించే మైకూ, తెరా, కెమెరా.

ప్రోగ్రాం కాగితం చూసి ముందే పసిగట్టొచ్చా?

కొంతవరకు. అందులో ఒక్క రచనైనా పూర్తిగా వాయిస్తున్నారా చూడండి. ఒక ఓవర్చరో (ఆపెరా లాంటిదానికి ముందు వాయించే రచన), వాల్ట్జో కోత లేకుండా ఉంటే ఆ బృందం వాయింపు మీద కాస్త నమ్మకం పెట్టుకుందని అర్థం. ఇరవై అంశాలూ మెడ్లీలే (పాటల ముక్కలు అతికినవి) అయితే, కష్టమైన మలుపులన్నీ కత్తిరించి ఉండే అవకాశం ఎక్కువ. వాయించేవాళ్ళ పేర్లు, ఎవరు ఏ వాద్యమో అచ్చువేశారంటే అదీ మంచి గుర్తే. పోస్టర్‌లో లైట్ల సంఖ్య ఉండి కండక్టర్ పేరు లేకపోతే మీ ఇష్టం.

ఆరుబయట కచేరీలో మైకులుంటాయి కదా. అప్పుడు నైపుణ్యం ఎలా తెలుస్తుంది?

తక్కువే తెలుస్తుంది, దాచేదేముంది. మంచి హాల్లో గోడలూ పైకప్పూ ధ్వనిని కలిపి మీ దగ్గరికి పంపిస్తాయి. మైదానంలో ఆ పని మిక్సర్ దగ్గర కూర్చున్న సౌండ్ ఇంజినీరు చేస్తాడు. సన్నాయి లాంటి ఓబో ఎంత పైకి రావాలి, డ్రమ్ముల కింద వయోలాలు (వయొలిన్ కన్నా కాస్త పెద్ద తీగవాద్యాలు) వినిపించాలా వద్దా అన్నది ఆయన వేళ్ళ మీద ఉంటుంది. బెర్లిన్ ఫిల్హార్మోనిక్ తమ ఊళ్ళో వాల్డ్‌బ్యూనే అనే ఆరుబయలు వేదిక మీద వాయించినా ఇదే కథ. వాద్యకారులకి అదనంగా గాలి బాధ. మేం ఆరుబయట వాయించిన ప్రతిసారీ నోట్స్ కాగితాలకి బట్టల క్లిప్పులు పెట్టుకునేవాళ్ళం. పేజీ తిప్పాలంటే ముందు క్లిప్పు తీయాలి, తిప్పాలి, మళ్లీ పెట్టాలి, ఇదంతా రెండు తాళాల విరామంలో. ఒకసారి నా పక్కనున్నాయన క్లిప్పు ఎగిరి చెల్లోల మధ్యలో పడింది. తర్వాతి పేజీ మొత్తం ఇద్దరం గుర్తున్నంత వరకు వాయించి, గుర్తులేని చోట కమాను మాత్రం ఆడించాం.

## కచేరీ జరుగుతుండగా

నాకు సంగీతం రాదు. వీళ్ళు బాగా వాయిస్తున్నారో లేదో నాకెలా తెలుస్తుంది?

ఒక్క పని చేయండి. గట్టిగా మోగే చోట కాకుండా మెల్లగా మోగే చోట చెవి పెట్టండి. డ్రమ్ములు, ట్రంపెట్లు కలిసి మోగుతున్నప్పుడు తప్పులన్నీ ఆ హోరులో కొట్టుకుపోతాయి. పల్చటి చోట దాక్కోవడానికి స్థలం ఉండదు.

"బ్లూ డాన్యూబ్" వాల్ట్జ్ తీసుకోండి, 1867 నాటిది. మొదట్లో వయొలిన్లు వణుకుతున్నట్టు సన్నగా మోగుతుంటాయి, వాటి మీద హార్న్ (చుట్ట తిరిగిన ఇత్తడి ఊదుడు వాద్యం) ఒంటరిగా పాటలోని తొలి స్వరాలు అందుకుంటుంది. వయొలిన్ వాళ్ళందరూ కమాను కొసకి జరిగి, తీగ మీద గోరంత దూరంలోనే అటూ ఇటూ ఆడించాలి. ఒక్కరు కాస్త గట్టిగా నొక్కినా ఆ పొగమంచులాంటి శబ్దంలో ఇసుక రాలినట్టు వినిపిస్తుంది. హార్న్‌కి అది ఇంకా గండం. ఆ వాద్యంలో పక్కపక్క స్వరాలు పెదవుల బిగువుతోనే మారతాయి, వెంట్రుకవాసి తేడా వస్తే గొంతు పగిలినట్టు పగులుతుంది. ఆ మొదటి నిమిషం సాఫీగా గడిచిందంటే మీరు మంచి చేతుల్లో ఉన్నట్టే.

తర్వాత వాల్ట్జ్ ఎత్తుకుంటుంది. చెల్లోలు, బాస్‌లు "ఊం" అంటే రెండో వయొలిన్లు, వయోలాలు "ప-ప" అంటాయి. వియన్నా పద్ధతిలో ఆ రెండో దెబ్బ ఉండాల్సిన చోటుకన్నా కొంచెం ముందే పడుతుంది, మూడోది తన చోటే ఉంటుంది. ఎంత ముందు? కాగితం మీద రాసి ఉండదు. పన్నెండుమంది ఒకరి మొహం ఒకరు చూడకుండా ఒకేలా ముందుకు జరగాలి. మా బృందానికి దీనికోసం ఒక రిహార్సల్ మొత్తం పోయింది. పాట మొదటి వయొలిన్లది, చప్పట్లూ వాళ్ళవే, కానీ జనం కాళ్ళు కదిలేది ఈ "ప-ప" వల్ల. అది గడియారంలా సమంగా మోగుతుంటే నోట్స్ చదువుతున్నారని అర్థం, ఊయలలా ఊగుతుంటే వాయిస్తున్నారని.

ఇంకా తీగల్ని వేళ్ళతో మీటే చోట్లు గమనించండి. అందరూ కలిసి మీటితే ఒక్క చుక్క పడ్డట్టు ఉంటుంది, లేకపోతే బఠాణీలు ఒలికినట్టు ఉంటుంది.

కండక్టర్ అంతలా ఎగరడం అవసరమా? వాద్యకారులు అతన్ని చూస్తున్నట్టే లేరు.

చూస్తారు, కంటి కొసతో. కండక్టర్‌కి కావాల్సింది తాళం మొదలయ్యే ముందు అర క్షణంలో ఏం రాబోతోందో చూపించడం. అది పెద్ద చేత్తో చేస్తాడా, చిన్న వేలితోనా అన్నది మనిషిని బట్టి. ఫ్రిట్జ్ రైనర్ చికాగో సింఫనీని నడిపేటప్పుడు బ్యాటన్ కొస ఎంత తక్కువ కదిలేదంటే, ఒక బాస్ వాద్యకారుడు రిహార్సల్‌కి టెలిస్కోప్ తెచ్చాడని ఇప్పటికీ కథగా చెప్పుకుంటారు. లెనార్డ్ బెర్న్‌స్టీన్ పోడియం మీద గెంతేవాడు. అదే బెర్న్‌స్టీన్ వియన్నాలో హైడన్ 88వ సింఫనీ చివరి భాగాన్ని మళ్లీ వాయించేటప్పుడు చేతులు కిందికి దించేసి, కనుబొమ్మలతో, చూపులతో మాత్రమే నడిపాడు. గెంతడం ఆపేసినా ఆర్కెస్ట్రా ఆగలేదంటే, అప్పటికే ఆ పని రిహార్సల్‌లో అయిపోయిందన్నమాట.

కుర్ర కండక్టర్లకి రిచర్డ్ స్ట్రాస్ (వాల్ట్జ్‌ల స్ట్రాస్‌లకి చుట్టమేం కాడు) చెప్పిన సూత్రాల్లో ఒకటి ఇదే: చెమట పట్టాల్సింది నీకు కాదు, వినేవాళ్ళకి ఒళ్ళు వెచ్చబడాలి.

మీరు గమనించాల్సింది ఒకటుంది. ఆ ఊపు శబ్దానికి ముందు వస్తోందా, వెనకా? ముందొస్తే నడిపిస్తున్నాడు. శబ్దం వచ్చాక చెయ్యి ఊపుతుంటే మీతో పాటు ఆయనా కచేరీ ఆస్వాదిస్తున్నాడు.

అసలు కదలకుండా, నవ్వకుండా వాయించేవాళ్ళే నిజమైన కళాకారులని మా స్నేహితుడి వాదన. నిజమా?

వయొలినిస్టు యాషా హైఫెట్జ్ రాతి బొమ్మలా నిలబడి వాయించేవాడు. రహ్మానినోవ్ పియానో ముందు చిరునవ్వు కూడా చిందించేవాడు కాదు. ఇద్దరూ శిఖరాలే. కానీ ఆ బిర్రబిగుసుకున్న మొహం చూడటానికీ జనం వచ్చేవారు, అదీ ఒక ముద్రే. మీ స్నేహితుడు నిశ్చలంగా ఉండటాన్ని నిజాయితీ అనుకుంటున్నాడు. నిశ్చలంగా ఉండి బోరు కొట్టించినవాళ్ళతో నేను ఒకే స్టేజీ పంచుకున్నాను.

మెరుపు వేగంతో వాయిస్తే అది నైపుణ్యమే కదా?

వేగం నైపుణ్యంలో ఒక భాగం, చూపించడానికి అన్నిటికన్నా తేలికైన భాగం. రిమ్‌స్కీ-కోర్సకోవ్ "ఫ్లైట్ ఆఫ్ ది బంబుల్‌బీ"ని వయొలినిస్టు డేవిడ్ గారెట్ 2008లో 66.56 సెకన్లలో వాయించి రికార్డు కొట్టాడు. అంత వేగంలో ఒక్కో స్వరం శ్రుతిలో ఉందా లేదా అని పట్టుకోవడం మామూలు చెవి వల్ల కాదు, అందుకే అది నమ్మించడానికి పనికొచ్చే ముక్క. అదే వాద్యకారుడు నెమ్మదైన పాటలో ఒకే స్వరాన్ని నాలుగు సెకన్లు పట్టినప్పుడు వినండి. కమాను దిశ మారే చోట అతుకు వినిపించిందా? స్వరం చివర్లో సన్నబడిందా, తెగిపోయిందా? అక్కడ తెలిసిపోతుంది.

సోలోయిస్టు తీగ తెగింది. అదీ నాటకమేనా?

అవ్వొచ్చు, కాకపోవచ్చు. పగనీనీ కావాలనే తీగలు తెంపుకునేవాడని ఆయన కాలం నుంచీ పుకారు. నిజంగా తెగినప్పుడు ఏం జరుగుతుందో 1986 జూలైలో అమెరికాలోని టాంగిల్‌వుడ్ సంగీతోత్సవంలో చూశారు. పద్నాలుగేళ్ల వయొలినిస్టు మిదోరి, బెర్న్‌స్టీన్ రాసిన "సెరెనేడ్"ని ఆయన కండక్ట్ చేస్తుండగానే వాయిస్తోంది. వయొలిన్‌లో అన్నిటికన్నా సన్నటి తీగ (E) తెగింది. పక్కనున్న కాన్సర్ట్‌మాస్టర్ (మొదటి వయొలిన్ల నాయకుడు) వయొలిన్ తీసుకుని కొనసాగించింది. దానిదీ తెగింది. ఇంకొకరి వయొలిన్ అందుకుని పూర్తిచేసింది. అవేమో తన వయొలిన్ కన్నా పెద్ద సైజువి, వేళ్ళు పడే చోట్లు వేరు. ప్రపంచమంతా ఆ సంఘటనని నాటకీయమని చెప్పుకుంది గానీ ఆ పిల్ల మొహంలో నాటకం లేదు. తీగ తెగాక చూడాల్సింది తర్వాతి ఐదు నిమిషాలు ఎలా వాయించారన్నదే.

మధ్యలో చప్పట్లు కొడితే మోటుగా ఉంటుందా?

పాపులర్ కచేరీలో కొట్టేయండి. 1778లో పారిస్‌లో తన సింఫనీ మోగినప్పుడు జనం మధ్యలోనే చప్పట్లు కొట్టారని మోత్సార్ట్ తండ్రికి సంబరంగా రాశాడు. అక్కడ చప్పట్లు పడతాయని తెలిసే ఆ ముక్క రాశాననీ చెప్పాడు. చివరి భాగాన్నైతే కావాలనే వయొలిన్లతో మెల్లగా మొదలుపెట్టాడు. జనం "ష్" అంటూ ఒకర్నొకరు ఊరుకోబెట్టుకునేలోపే మొత్తం ఆర్కెస్ట్రా విరుచుకుపడింది, చప్పట్లు మోగాయి. ఆ మోత్సార్ట్‌ని ఏ ఖాతాలో వేస్తారు, షో ఖాతాలోనా, సంగీతం ఖాతాలోనా?

వియన్నా కొత్త సంవత్సరం కచేరీ చివర్లో "రాడెట్జ్‌కీ మార్చ్"కి జనం తాళం వేస్తారు, ఎక్కడ మెల్లగా, ఎక్కడ గట్టిగా అన్నది కండక్టర్ వెనక్కి తిరిగి చూపిస్తాడు. పూర్తి సింఫనీ వాయిస్తున్న చోట మాత్రం భాగాల మధ్య ఆగడం ఇప్పటి అలవాటు. అనుమానమొస్తే కండక్టర్ చేతులు దించేదాకా ఆగండి.

కాగితాలు చూడకుండా వాయించడం గొప్పా?

కష్టం, అది ఒప్పుకోవాలి. లండన్‌లోని అరోరా ఆర్కెస్ట్రా 2014 నుంచి పూర్తి సింఫనీలు కంఠస్థం చేసి వాయిస్తోంది. దానివల్ల లాభం చూసేవాళ్ళకే కాదు, స్టాండ్ అడ్డు లేకపోతే వాద్యకారులు ఒకరినొకరు వినడం పెరుగుతుంది. కానీ స్టాండ్ పెట్టుకుని వాయించినంత మాత్రాన తక్కువేం కాదు.

ముందే రికార్డు చేసి వినిపించి, వాయిస్తున్నట్టు నటిస్తారా?

కొన్ని సందర్భాల్లో అవును. 2009 జనవరి 20న ఒబామా ప్రమాణ స్వీకారంలో చెల్లో విద్వాంసుడు యో-యో మా, వయొలినిస్టు ఇత్జాక్ పెర్ల్‌మన్ ఉన్న నలుగురి బృందం వాయించింది, జనం విన్నది మాత్రం ముందు రికార్డు చేసిన ధ్వనిని. గడ్డకట్టే చలిలో తీగలు, పియానో శ్రుతిలో నిలవవు. వాళ్ళకి వాయించడం రాకపోవడం అన్న మాటే లేదు అక్కడ.

షోలలో ఇంకో రకం ఉంటుంది. స్టేజీ మీద ఇరవైమంది, వినిపించేది అరవైమంది. మిగతా నలభైమంది ట్రాక్‌లో ఉంటారు. అలాంటప్పుడు వాద్యకారుల చెవుల్లో క్లిక్ ట్రాక్ టిక్ టిక్‌మంటుంటుంది. దాంతో తాళం వేగం మార్చడానికి వీల్లేదు, గాయని ఒక స్వరం మీద మనసుపడి కాస్త ఆగుదామన్నా ట్రాక్ ఆగదు. కనిపెట్టే మార్గం అదే. పాటలో ఎక్కడా ఊపిరి తీసుకున్నట్టు అనిపించకపోయినా, స్టేజీ మీద లేని వాద్యం వినిపించినా అనుమానించండి. ముందుగా చెప్పి చేస్తే నాకు అభ్యంతరం లేదు. చెప్పకుండా కమాను ఆడించమంటే ఒళ్ళు మండుతుంది. ఒక షోలో మమ్మల్ని సరిగ్గా అలాగే ఆడించమన్నారు, డబ్బులు తీసుకుని ఆడించాం కూడా. ఆ షోకే చప్పట్లు ఎక్కువ పడ్డాయి.

జోకులు, టైప్‌రైటర్లు, తుపాకులు... ఇవేం సంగీతం?

హైడన్ 94వ సింఫనీలో మెల్లగా సాగే పాట మధ్య ఢామ్మని ఒక దెబ్బ వేసి 1792లో లండన్ జనాన్ని ఉలిక్కిపడేలా చేశాడు. 45వ సింఫనీ చివర్లో వాద్యకారులు ఒక్కొక్కరే కొవ్వొత్తి ఆర్పి వెళ్లిపోతారు, సెలవు కోసం తమ ప్రభువుకి పెట్టిన అర్జీ అది. యోజెఫ్ స్ట్రాస్ ఒక పోల్కాలో సుత్తితో కమ్మరి దాగలి మీద కొట్టించాడు. లెరాయ్ ఆండర్సన్ 1950లో టైప్‌రైటర్‌నే సోలో వాద్యం చేశాడు. దాన్ని సరిగ్గా తాళంలో కొట్టడానికి తలపండిన డ్రమ్మర్లు కావాలి, గంట ఒక తాళం ఆలస్యంగా మోగితే జోకు చచ్చిపోతుంది. విక్టర్ బోర్గ పియానో మీద జనాన్ని పడీ పడీ నవ్వించేవాడు. కాన్సర్ట్ పియానిస్టుగా తయారైన చెయ్యి కాబట్టే ఆ తప్పులు అంత చక్కగా పడేవి.

## కచేరీ అయ్యాక

నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. సంగీతం తెలిసిన చుట్టం ఒకాయన "అది మూడో రకం వాయింపు" అన్నాడు. నేను మోసపోయానా?

లేదు. కళ్ళనీళ్ళు వాయింపుకి మార్కులు వేయవు. పాట గుర్తు చేసిన మనిషి, పక్కన కూర్చున్నవాళ్ళు, ఆ సాయంత్రం గాలి కూడా అందులో ఉంటాయి. మీ చుట్టం చెప్పిందీ నిజం కావొచ్చు, హార్న్ రెండుసార్లు పగిలి ఉండొచ్చు. రెండు మాటలూ ఒకే కచేరీ గురించి నిజం కాగలవు. ఆయన్ని ఏ చోట బాలేదో చెప్పమని అడగండి. "రెండో వాల్ట్జ్‌లో వేగం మారే చోట సగంమంది ముందే వెళ్లిపోయారు" అంటే కూర్చుని వినండి, నేర్చుకోవచ్చు. "అలాంటివి మేం వినం" అంటే టాపిక్ మార్చేయండి.

నేను విన్నది చెవులతోనా, కళ్ళతోనా?

మంచి అనుమానం. 2013లో చియా-జుంగ్ సాయ్ అనే పరిశోధకురాలు సంగీత పోటీల్లో చివరి ముగ్గురి క్లిప్పులు చూపించి విజేత ఎవరో ఊహించమంది. ధ్వని మాత్రమే విన్నవాళ్ళకన్నా, శబ్దం లేని వీడియో మాత్రమే చూసినవాళ్ళు బాగా కనిపెట్టారు. అందులో నిపుణులు కూడా తప్పించుకోలేదు. తర్వాత 2018లో ఇంకో బృందం వేరే క్లిప్పులతో చేసినప్పుడు ఫలితం అంత గట్టిగా నిలవలేదు. కాబట్టి "సంగీతమంతా కంటితోనే" అని గంతేయక్కర్లేదు. కానీ కన్ను చెవికి చాడీలు చెబుతుందన్నది ఆర్కెస్ట్రాలకి ఎప్పటి నుంచో తెలుసు. అమెరికాలో కొత్తవాళ్ళని తీసుకునే పరీక్షల్లో అభ్యర్థిని తెర వెనక నిలబెడతారు. హీల్స్ చప్పుడు విని ఆడో మగో ఊహించకుండా కింద కార్పెట్ కూడా పరుస్తారు.

ఇంట్లో చేయగల పరీక్ష ఇది. మీకు నచ్చిన కచేరీ వీడియోని మూడు నిమిషాలు కళ్ళు మూసుకుని వినండి. తర్వాత అదే మూడు నిమిషాలు మ్యూట్‌లో చూడండి. రెండింటిలో ఏది లేకపోతే ఎక్కువ వెలితిగా అనిపించిందో మీకే తెలుస్తుంది.

హంగూ నైపుణ్యమూ రెండూ నిండుగా ఉన్న కచేరీ ఒకటి చెప్పండి.

2007 ఆగస్టులో లండన్ ప్రామ్స్ సంగీతోత్సవంలో గుస్తావో దుదామెల్ నడిపిన వెనెజువెలా సిమోన్ బొలివార్ యూత్ ఆర్కెస్ట్రా. ముందు షొస్తకోవిచ్ పదో సింఫనీ, సుమారు యాభై నిమిషాలు, నవ్వుకి చోటులేని సంగీతం. ఆ తర్వాత దేశపు జెండా రంగుల జాకెట్లు వేసుకుని, వాద్యాలు గిరగిరా తిప్పుతూ, లేచి గెంతుతూ బెర్న్‌స్టీన్ "మాంబో" వాయించారు. మాంబో ఒక్కటే చూసి కుర్రకారు అల్లరి అనుకున్నవాళ్ళున్నారు. లేచి తిరుగుతూ కూడా ఆ ఎదురుతాళాలు ఎక్కడా జారలేదు, కావాలంటే కళ్ళు మూసుకుని వినండి.

ఇవి విన్నవాళ్ళు పూర్తి సింఫనీల దాకా వెళ్తారా?

కొందరు వెళ్తారు, చాలామంది వెళ్ళరు, వెళ్ళకపోతే తప్పూ లేదు. వెళ్ళాలనుంటే నచ్చిన ముక్క చివర పట్టుకుని లాగండి. బేతోవెన్ ఏడో సింఫనీ రెండో భాగం నచ్చితే మిగతా మూడూ వినండి. వాల్ట్జ్ నచ్చితే కార్లోస్ క్లైబర్ 1989, 1992లలో నడిపిన వియన్నా కొత్త సంవత్సరం కచేరీలు. అంత అందంగా కదిలే కండక్టర్ని నేను ఇంకొకర్ని చూడలేదు, ఆ కదలికలో వృథా పోయింది ఒక్కటి లేదు.

## స్టేజీ ఎక్కేవాళ్ళకి

పాప్స్ (ఇలాంటి పాపులర్ కచేరీ) షోలలో వాయిస్తే సీరియస్ వాద్యకారుడిగా పేరు పోతుందా?

1885లో మొదలైన బోస్టన్ పాప్స్‌లో వాయించేది ఎక్కువగా బోస్టన్ సింఫనీ వాద్యకారులే, మొదటి కుర్చీల వాళ్ళు (ఒక్కో వాద్యం వరుసకి నాయకులు) తప్ప. ఆర్థర్ ఫీడ్లర్ దాన్ని 1930 నుంచి 1979 దాకా నడిపాడు. వాళ్ళ పేరేం పోలేదు. పోయేదల్లా ఒక్కటే, పాప్స్ కదా అని ప్రాక్టీసు చేయకుండా వెళ్తే పక్క కుర్చీలోవాడి దగ్గర పరువు.

మా ఆర్కెస్ట్రా బాగా వాయిస్తుంది గానీ స్టేజీ మీద శవయాత్రలా ఉంటుందంటున్నారు. ఏం చేయాలి?

డాన్సు మాస్టర్ని పిలవకండి. ముందు చిన్నవి సరిచేయండి. స్టేజీ మీదికి కబుర్లాడుకుంటూ చెల్లాచెదురుగా రావద్దు. శ్రుతి చూసుకునేటప్పుడు ఓబో ఇచ్చే స్వరం అందరికీ వినపడేలా నిశ్శబ్దం పాటించండి, ఆ నిశ్శబ్దమే కచేరీకి తెర లేపినట్టు ఉంటుంది. చివరి స్వరం మోగాక కమానుల్ని గాల్లోనే ఉంచండి, రెండు క్షణాలు, కండక్టర్ దించేదాకా. అందరూ వెంటనే కిందికి దించి పేజీలు తిప్పుకుంటే జనానికి చప్పట్లు కొట్టాలనిపించదు. పక్కవాళ్ళు సోలో బాగా వాయిస్తే వాళ్ళవైపు చూడండి, నటించక్కర్లేదు.

కదలిక వాయింపు నుంచి వస్తే సరిపోతుంది. ఒకసారి మా కండక్టర్ అందరినీ ఒకేసారి ఎడమకి ఊగమన్నాడు. రిహార్సల్ వీడియోలో చూసుకుంటే మేం వాల్ట్జ్ వాయిస్తున్నట్టు లేదు, బస్సు మలుపు తిరుగుతున్నట్టు ఉంది. ఆ సాయంత్రం ఊగడం మానేసి "ప-ప" మీద దృష్టి పెట్టాం. ముందు వరుసలో ఒక పెద్దావిడ మాత్రం మొదటి నుంచి చివరిదాకా ఊగుతూనే ఉంది.